విజయవాడ నుంచి గుంటూరుకి ఫిరంగి గుండు వేస్తే ఎక్కడ పడుద్ది?

ప్రశ్న: సార్, మాది గుంటూరు, మిర్చి యార్డు దగ్గర కమీషన్ వ్యాపారం. మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ప్రొజెక్టైల్ మోషన్ (విసిరిన వస్తువు గాల్లో ఎలా పోయి ఎక్కడ పడుద్దో చెప్పే) పాఠం జరిగేటప్పుడు లేచి నిలబడి "సార్, భూమి గుండ్రంగా ఉండి తిరుగుతుంది కదా, మరి ఫార్ములాలో అది ఎక్కడుంది" అని అడిగిందంట. లెక్చరర్ గారు సిలబస్‌లో లేదు కూర్చోమన్నారంట. ఇంటికొచ్చి అదే గొడవ. మా బావమరిది ఆర్టిలరీలో (సైన్యంలో ఫిరంగుల దళం) చేసి రిటైరయ్యాడు, భోజనాల దగ్గర ఆయన "మేం భూమి తిరుగుడు లెక్కేసుకునే ఫైర్ చేసేవాళ్ళం, మనది ఉత్తరార్ధగోళం కాబట్టి గుండు ఎప్పుడూ కుడికే పోతుంది" అన్నాడు. నేనేమో విజయవాడలో గుండు పేలిస్తే అది గాల్లో ఉండగానే కింద గుంటూరు జరిగిపోద్ది కదా అన్నాను, ఇద్దరూ నవ్వారు. ముగ్గుర్లో ఎవరు కరెక్టు? ఇంకోటి, పాప ఇలాంటి డౌట్లతో టైమ్ వేస్ట్ చేసుకుంటోందేమో అని కాస్త గట్టిగా చెప్దామనుకుంటున్నా. చెప్పమంటారా?

సమాధానం: చెప్పొద్దండి. ముందు ఆ రెండో ప్రశ్నకి జవాబు ఇచ్చేశా, ఇక మొదటిదానికొద్దాం, అదే అసలు మజా.

ఎవరు కరెక్టంటే లెక్చరర్ గారు పరీక్ష వరకు కరెక్టు, మీ బావమరిది గారు ముప్పాతిక కరెక్టు, మీరు తప్పు కానీ మీ తప్పు చాలా పాతది, పెద్ద పెద్దోళ్ళు చేసిందే, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. మీ అమ్మాయి ఒక్కతే పూర్తిగా కరెక్టు, ఎందుకంటే ఆమె ఏమీ తేల్చెయ్యలేదు, అడిగింది అంతే.

మీ సంగతే ముందు చూద్దాం. మన విజయవాడ భూమితో పాటు తూర్పుకి సెకనుకి సుమారు 446 మీటర్ల స్పీడుతో పోతా ఉంది, గంటకి 1600 కిలోమీటర్ల పైమాటే. 30 కిలోమీటర్ల దూరం పడేలా ఒక గుండు 45 డిగ్రీల్లో వేస్తే, గాలి లేదనుకుంటే, అది గాల్లో 78 సెకన్లు ఉంటది. మీ లెక్కన ఆ 78 సెకన్లలో గుంటూరు దాదాపు 35 కిలోమీటర్లు తూర్పుకి జరిగిపోవాలి, అంటే గుండు విజయవాడ నుంచి గుంటూరు దూరం కంటే ఎక్కువ తప్పిపోవాలి! అలా జరగదని మీకూ తెలుసు. విజయవాడ నుంచి మద్రాసు వెళ్ళే పినాకినిలో కూర్చుని ఒక జామకాయ పైకి ఎగరెయ్యండి, రైలు సెకనుకి 28 మీటర్లు పోతా ఉన్నా కాయ మీ చేతిలోనే పడుద్ది గానీ వెనక బోగీలో వాళ్ళ నెత్తిన పడదు. చేతిలో ఉన్నప్పుడే దానికీ రైలు స్పీడు ఉంది కాబట్టి. గుండుకీ అంతే, పేలేముందే దానికి ఆ 446 మీటర్ల స్పీడు ఉంది, గాల్లోకి లేచినంత మాత్రాన అది పోదు, చుట్టూ ఉన్న గాలి కూడా భూమితో పాటే తిరుగుతా ఉంటది. భూమి తిరుగుతోందని 1500 ఏళ్ళ క్రితమే చెప్పిన ఆర్యభటుడు కూడా పడవ ఉదాహరణే ఇచ్చాడు, పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనపడతాయి కదా, నక్షత్రాలు పడమరకి పోతున్నట్టు కనపడేది అలాగే అని. పున్నమి ఘాట్‌లో బోటెక్కి భవానీ ద్వీపం వెళ్ళేటప్పుడు పాపకి చూపించండి.

ఇక్కడితో ఆపేస్తే భూమి తిరగడం వల్ల అసలు తేడానే లేదనిపిస్తది. ఉంది. రైలు తిన్నగా పోతది, భూమి గుండ్రంగా తిరుగుద్ది, తేడా అంతా అక్కడే. రైల్లో బోగీలన్నీ ఒకే స్పీడు. భూమ్మీద ఒక్కో ఊరిది ఒక్కో స్పీడు, భూమధ్యరేఖ దగ్గర సెకనుకి 465 మీటర్లు, ధ్రువం దగ్గర సున్నా. గుంటూరు విజయవాడ కంటే కాస్త దక్షిణంగా ఉంది కాబట్టి గుంటూరోళ్ళు బెజవాడోళ్ళ కంటే సెకనుకి దాదాపు అర మీటరు ఎక్కువ స్పీడుతో తూర్పుకి పోతున్నారు. (ఈ ముక్క మీ యార్డులో చెప్పండి, సంతోషిస్తారు.) గుండు మాత్రం బెజవాడ స్పీడుతోనే బయల్దేరింది. అందుకే సెకనుకి అర మీటరు చొప్పున వెనకబడుతూ, అంటే పడమరకి తగ్గుతూ, దిగే టైముకి ఈ ఒక్క కారణం వల్లే 30, 35 మీటర్లు పక్కకి పడుద్ది. మీరన్న "గుంటూరు జరిగిపోద్ది" అనేది అబద్ధం కాదు, 35 కిలోమీటర్లు కాదు 35 మీటర్లు, అంతే తేడా!

ఈ పక్కకి జరగడానికి కోరియాలిస్ ఎఫెక్ట్ అని పేరు. కోరియాలిస్ ఫ్రాన్సు ఇంజనీరు, 1835లో ఈ లెక్క రాసినప్పుడు ఆయన బుర్రలో ఫిరంగులూ లేవు తుఫాన్లూ లేవు, నీటి చక్రాల్లాంటి తిరిగే యంత్రాల గురించి రాశాడు. అదే ఏడాది బిలియర్డ్స్ ఆట మీద కూడా ఒక పుస్తకం రాశాడు, అదో సరదా. తర్వాత రెండు మూడేళ్ళకి పాయిసన్ అనే ఇంకో ఫ్రెంచాయన దీన్ని ఫిరంగి గుండ్లకి పట్టించాడు. కానీ అందరికంటే ముందు చెప్పినోళ్ళలో ఇటలీకి చెందిన రిచ్చియోలి అనే ఫాదర్ ఉన్నాడు, 1651లో. భూమి తిరుగుతా ఉంటే ఉత్తరానికి పేల్చిన గుండు పక్కకి జరగాలి, జరగట్లేదు, కాబట్టి భూమి తిరగట్లేదు అని వాదించాడు. లాజిక్ వంద శాతం కరెక్ట్, అప్పటి ఫిరంగులు వేసే దూరానికి ఆ తేడా కంటికి ఆనదు అన్నదొక్కటే ఆయనకి తెలీలేదు. చూశారా, మీకు మంచి కంపెనీయే ఉంది.

ఇప్పుడు మీ బావమరిది గారి దగ్గరకొద్దాం. "ఉత్తరార్ధగోళంలో ఎప్పుడూ కుడికే." ఇది నేను కూడా చాలా ఏళ్ళు క్లాసులో చెప్పిన మాటే, నోరు నొప్పి పుట్టేదాకా చెప్పా. మీ ఉత్తరం వచ్చాక రాత్రి కూర్చుని మన ఊరి అక్షాంశానికి లెక్క మళ్ళీ వేశాను, పదహారున్నర డిగ్రీలు. వేశాక అర్థమైంది, ఆ మాట లండన్‌కీ పారిస్‌కీ బాగా సరిపోద్ది గానీ మన బెజవాడకి సగమే సరిపోద్ది.

ఎందుకో చెప్తా. భూమి తిరుగుడుని మన ఊరి దగ్గర రెండు ముక్కలు చేసి చూడాలి. ఒకటి, మన కాళ్ళ కింద నేల పీట తిరిగినట్టు తిరగడం. రెండోది, మన నేల మొత్తం పడమర వైపు లేస్తూ తూర్పుకి ఒరుగుతూ బొర్లడం, దానివల్లే కదా సూర్యుడు తూర్పున లేచేది. ధ్రువం దగ్గర అంతా మొదటి రకమే, రోజుకొక చుట్టు. మన దగ్గర ఆ పీట తిరుగుడు 28 శాతమే, ఒక చుట్టు పూర్తవ్వాలంటే మూడున్నర రోజులు పడుద్ది. రెండో రకం మాత్రం 96 శాతం. (28, 96 కలిపితే వంద కాలేదేంటి అంటారేమో, అవి సైను, కొసైను అండి, పాపని అడగండి చెప్తది.) కుడికి తోసేది ఆ 28 శాతం ముక్క. ఆ రెండో ముక్క ఏం చేస్తదంటే, పైకి లేచేదాన్ని పడమరకి తోస్తది, తూర్పుకి పోయేదాన్ని తేలిక చేస్తది, పడమరకి పోయేదాన్ని బరువు చేస్తది. పుస్తకాల్లో ఈ రెండోదాన్ని ఒక లైన్లో దాటేస్తారు, మన లాంటి ఊళ్ళకి అదే పెద్దది మరి!

పైకి లేచేది పడమరకి ఎందుకు పోద్దంటే, మన గుండు ఏడున్నర కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళొస్తది. అంత పైన భూమి చుట్టూ తిరిగే చుట్టు పెద్దది, గుండుకేమో కింద నేల స్పీడే ఉంది, పెద్ద చుట్టులో అదే స్పీడుతో పోతే వెనకబడాల్సిందే. నిట్టనిలువుగా పైకి పేల్చినా సరే, తిరిగి పేల్చిన చోట పడదు, కాస్త పడమరగా పడుద్ది. అదే బిల్డింగు మీంచి ఒక రాయి వదిలితే ఉల్టా, పైన స్పీడు ఎక్కువ కాబట్టి తూర్పుకి పడుద్ది, 80 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మన దగ్గర ఒకటిన్నర సెంటీమీటరు. ఇది 1679లోనే న్యూటన్ హుక్ అనే ఇంకో శాస్త్రవేత్తకి ఉత్తరంలో రాశాడు.

బరువు సంగతి మీకు బాగా అర్థమవుద్ది. గుంటూరు విజయవాడకి సరిగ్గా నైరుతి మూల, కొలిచినట్టు 45 డిగ్రీలు ఉంటది. అటు పోయే మన గుండుకి పడమర స్పీడు సెకనుకి 270 మీటర్లు. భూమి తూర్పుకి తిరుగుద్ది, ఇది ఎదురు పోతా ఉంది, అందువల్ల అది వెయ్యికి నాలుగు వంతులు బరువెక్కుద్ది. తక్కువేగా అంటారా, 40 కిలోల మిర్చి టిక్కీ (బస్తా) అదే స్పీడుతో పడమరకి పోతే కాటా మీద 150 గ్రాములు ఎక్కువ చూపిస్తది. టిక్కీకి 150 గ్రాములు తేడా వస్తే మీ యార్డులో ఊరుకుంటారా? పెద్ద గొడవైపోదూ! గుండు అంత బరువెక్కితే తొందరగా కింద పడుద్ది, దూరం తగ్గుద్ది. గుంటూరు నుంచి ఇటు వేస్తే ఈశాన్యం కాబట్టి అంతే తేలికవుద్ది, ఎక్కువ దూరం పోద్ది. దీన్ని హంగేరీ ఆయన పేరు మీద యొట్వోష్ ఎఫెక్ట్ అంటారు, పేరు పలకడం కష్టం గానీ విషయం ఇంతే.

ఇక గుండ్రతనం. సూర్యలంక బీచ్‌కి ఎప్పుడైనా వెళ్తే నీళ్ళ అంచున నిలబడి దూరంగా పోయే బోటుని చూడండి, మనిషి కంటి ఎత్తుకి సముద్రం అంచు నాలుగున్నర కిలోమీటర్ల దగ్గరే ఉంటది, అది దాటాక బోటు కింది భాగం ముందు మునిగినట్టు పోద్ది, తెరచాప కొయ్యలూ జెండాలూ తర్వాత పోతాయి. నేల అలా మన ముందు వంగిపోతా ఉంటది, కిలోమీటరుకి 8 సెంటీమీటర్లే, కానీ దూరం రెట్టింపైతే నాలుగింతలు. 10 కిలోమీటర్లకి దాదాపు 8 మీటర్లు, 30 కిలోమీటర్లకి 70 మీటర్లు. బల్లపరుపు నేలమీదైతే గుండు పడాల్సిన చోట నిజం నేల 70 మీటర్లు కిందకి ఉంది కాబట్టి గుండు ఇంకా పోతా ఉంటది, 45 డిగ్రీల్లో దిగేది ఇంకో 70 మీటర్లు ముందుకెళ్ళి పడుద్ది. ఎత్తుకి పోయేకొద్దీ గురుత్వం తగ్గుద్ది, కిందకి అనే దిక్కు కూడా కొద్దిగా తిరుగుద్ది, అవన్నీ సరిగ్గా కలిపి వేసినా చివరికి ఆ 70 మీటర్ల దగ్గరే తేలింది, నేను రెండు రకాలుగా వేసి చూశా. ఇంకో మాట, మన పుస్తకంలో పారబోలా అని చెప్పేది నిజానికి పారబోలా కాదు, భూమి మధ్య బిందువుని ఒక నాభిగా పెట్టుకున్న పొడుగాటి ఎలిప్సులో (దీర్ఘవృత్తం) చివరి ముక్క, మనం చూసే ముక్క చిన్నది కాబట్టి పారబోలాలా అనిపిస్తది. నేలకి సమాంతరంగా సెకనుకి 7.9 కిలోమీటర్ల స్పీడు ఇస్తే ఆ ఎలిప్సు భూమిని దాటేసి చుట్టూ తిరిగే కక్ష్య అయిపోద్ది, గాలి అడ్డం లేకపోతే.

ఇప్పుడు అన్నీ కలిపి పాపకి చూపించండి, ఇదే అసలు లెక్క. గాలి లేదు, 45 డిగ్రీలు, స్పీడు సెకనుకి 542 మీటర్లు, యూ స్క్వేర్ బై జీ (యూ అంటే గుండు స్పీడు, జీ అంటే గురుత్వం) ప్రకారం 30 కిలోమీటర్లు. మనూళ్ళ మధ్య తిన్నగా గీస్తే ఇంకో కిలోమీటరున్నర ఉంటది గానీ రౌండ్ ఫిగర్ అనుకుందాం.

విజయవాడ నుంచి గుంటూరు వైపు వేస్తే, భూమి తిరుగుడు వల్ల 77 మీటర్లు ముందే పడాలి, గుండ్రతనం వల్ల 70 మీటర్లు ఎక్కువ పోవాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి! దూరంలో మిగిలింది ఏడెనిమిది మీటర్లే. పక్కకి మాత్రం కుడివైపుకి 87 మీటర్లు.

అదే గుండుని అదే కోణంలో గుంటూరు నుంచి విజయవాడ వైపు వేస్తే, ఈసారి తిరుగుడూ గుండ్రతనమూ రెండూ కలిసి ముందుకే తోస్తాయి, దాదాపు 150 మీటర్లు ఎక్కువ పోద్ది. పక్కకి? కుడికి 10 మీటర్లు, అంతే.

అదే రోడ్డు, అదే దూరం, వెళ్ళేటప్పుడొకటి వచ్చేటప్పుడొకటి. ఆటో వాళ్ళు కూడా ఇంత తేడా చెయ్యరు.

ఇప్పుడు మీ బావమరిది గారి "ఎప్పుడూ కుడికే" ఎక్కడ విరుగుద్దో చూడండి. విజయవాడ నుంచి సరిగ్గా ఉత్తరానికి అదే గుండు వేస్తే పీట తిరుగుడు దాన్ని కుడికి అంటే తూర్పుకి 48 మీటర్లు తోస్తది, పైకి లేచి దిగడం వల్ల పడమరకి 54 మీటర్లు తోస్తది, చివరికి ఎడమకి 6 మీటర్లు పడుద్ది. ఎడమకండీ! కోణం 41 డిగ్రీల చిల్లరకి తగ్గిస్తే రెండూ సమానమై అసలు పక్కకే పోదు, అంతకంటే పడుకోబెట్టి వేస్తే మళ్ళీ కుడికి పోద్ది. దక్షిణానికి వేస్తే రెండూ ఒకే వైపు కాబట్టి కుడికి 103 మీటర్లు. నేను మొదటిసారి వేసినప్పుడు ఆ నిలువు ముక్క మర్చిపోయి అన్ని దిక్కులకీ 48 అని రాసుకుని ఎంత ఈజీగా వచ్చిందో అనుకుని పడుకున్నా, పొద్దున్నే కాఫీ తాగుతుంటే బుర్రలో వెలిగింది.

అయితే ఆయన్ని తక్కువ చెయ్యొద్దు, ఆయన చూసింది అబద్ధం కాదు. ఫిరంగి గొట్టం లోపల మెలికల గాడులుంటాయి, గుండు దాంట్లోంచి కుడివైపుకి గిర్రున తిరుగుతూ బయటకొస్తది, ఆ స్పిన్ వల్లే గుండు బొక్కబోర్లా పడకుండా ముక్కు ముందుకి పెట్టుకుని పోద్ది, ఆ స్పిన్ వల్లే కుడికి కూడా జరుగుద్ది. దాన్ని డ్రిఫ్ట్ అంటారు, దూరం ఎక్కువైతే వందల మీటర్లు ఉంటది, భూమి తిరుగుడు కంటే పెద్దది. ఉత్తరార్ధగోళమైనా దక్షిణార్ధగోళమైనా అది కుడికే. ఆయనకి "ఎప్పుడూ కుడికే" అని గుర్తుండిపోయింది బహుశా ఇదే, రెండూ కలిసిపోయుంటాయి. అడిగి చూడండి, ఫైరింగ్ టేబుల్స్‌లో (ఎంత దూరానికి ఎలా పేల్చాలో చూపించే పట్టికలు) డ్రిఫ్ట్‌కి వేరే కాలమ్, భూమి తిరుగుడుకి వేరే టేబుల్ ఉంటది, దాంట్లో ఏ దిక్కుకి వేస్తున్నావు, ఏ అక్షాంశంలో ఉన్నావు అనే రెండూ అడుగుతారు. దిక్కు ఎందుకు అడుగుతారో ఇప్పుడు పాపకి అర్థమవుద్ది.

ఇంకోటి చెప్పకపోతే మోసం చేసినట్టవుద్ది. గాలి. పైన అంతా గాలి లేదని వేశాను, నిజంగా ఆ స్పీడుతో 155 మిల్లీమీటర్ల గుండు వేస్తే గాలి ఆపేసి దాదాపు సగం దూరంలోనే చతికిలబడుద్ది. గాలి ముందు భూమి తిరుగుడెంత, చారులో కరివేపాకంత. పక్కగాలి, ఎండ వేడి, ఫిరంగి పేల్చే మందు వేడెక్కిందా చల్లగా ఉందా, ఇవన్నీ వందల మీటర్ల లెక్క. అందుకే ఆర్టిలరీ వాళ్ళు బెలూన్లు వదిలి పైన గాలి ఎటుందో కొలుచుకుంటారు. కార్గిల్‌లో 1999లో బోఫోర్స్ ఫిరంగులు మామూలు కంటే ఎక్కువ దూరం వేశాయంటే కారణం ఆ ఎత్తులో గాలి పలచగా ఉండటమే. మరి భూమి తిరుగుడు ఎందుకు పట్టించుకుంటారంటే, గాలి రోజుకో రకంగా ఉంటది, ఇది మాత్రం లెక్కకి దొరికేది, దొరికేదాన్ని వదులుకోవడం దేనికి.

ఎక్కడ్నుంచి పట్టించుకోవాలో ఒక అందాజు చెప్తా. కోణం మారనప్పుడు ఈ తేడా అంతా గాల్లో ఉన్న టైముకి ఘనంలో పెరుగుద్ది, టైము రెట్టింపైతే తేడా ఎనిమిదింతలు. మంగళగిరి స్టేడియంలో ఎవరన్నా 90 మీటర్ల సిక్స్ కొడితే బంతి గాల్లో 5 సెకన్లు ఉంటది, భూమి తిరుగుడు వల్ల ఏ దిక్కుకి కొట్టినా ఒక అంగుళం లోపే జరుగుద్ది, బౌండరీ దగ్గర ఫీల్డర్ క్యాచ్ వదిలేసి కోరియాలిస్ అంటే నమ్మకండి. వాష్ బేసిన్లో నీళ్ళు సుడి తిరగడం కూడా దీనివల్ల అంటారు, అదీ ఉత్తదే, బేసిన్ వంపు, నీళ్ళు పోసిన తీరు అంతే. తుపాకీతో కిలోమీటరు కొడితే బుల్లెట్ ఒకటిన్నర సెకను ఉంటది, మన దగ్గర పక్కకి మూడు సెంటీమీటర్లు. పుస్తకంలో ఉండే లెక్కలు బంతులూ రాళ్ళూ కొండ మీంచి దూకే బైకులూ కాబట్టి లెక్చరర్ గారు భూమిని బల్లపరుపు చేసి ఆపేశారు, అది తప్పు కాదు. పరీక్షలో కూడా పాప యూ స్క్వేర్ సైన్ టూ థీటా బై జీ రాసి రావాలి, 77 మీటర్లు తగ్గించి రాస్తే మార్కులు పోతాయి. క్లాసులో అంతమంది పిల్లలు, గంట టైము, పోర్షన్ కంప్లీట్ చెయ్యమని పైనుంచి ఒత్తిడి, ఆయన కష్టం నాకు తెలుసు. అయినా "లేదు, కూర్చో" బదులు "ఉంది, చిన్నది, తర్వాత చెప్తా" అని ఉండాల్సింది. మూడు మాటలేగా.

రెండో కొసకి వెళ్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 మార్చిలో జర్మనీ వాళ్ళు పారిస్ మీదకి 120 కిలోమీటర్ల దూరం నుంచి ఒక ఫిరంగితో గుండ్లు వేశారు. గుండు 40 కిలోమీటర్ల ఎత్తుకి పోయి దాదాపు మూడు నిమిషాలు గాల్లో ఉండేది. అంత దూరంలో నేల కిలోమీటరు పైనే కిందకి వంగిపోద్ది, భూమి తిరుగుడు వల్ల పక్కకి కూడా కిలోమీటరు పైనే, అక్కడ అక్షాంశం 49 కాబట్టి ఆ పీట తిరుగుడు బలంగా ఉంటది. లెక్క వెయ్యకుండా కుదిరే పనే కాదు. జనం చచ్చిపోయిన సంగతి కూడా చెప్పండి పాపకి, ఈ లెక్కలు పుట్టింది మంచి పనికే అనుకోకూడదు.

మంచి పనికి మన దగ్గరే ఉంది, శ్రీహరికోట. అక్షాంశం 13.7, అక్కడ నేల తూర్పుకి సెకనుకి 450 మీటర్లు పోతా ఉంటది, తూర్పుకి రాకెట్టు వదిలితే ఆ స్పీడు ఫ్రీ, ఎదురుగా బంగాళాఖాతం కాబట్టి పడే ముక్కలు సముద్రంలో పడతాయి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకి ఆ ఫ్రీ స్పీడు పనికిరాదు, పైగా తిన్నగా దక్షిణానికి వేస్తే శ్రీలంక మీంచి పోవాలి, అందుకని ముందు పక్కకి పోయి తర్వాత వంకర తిప్పుతారు. అర్జునుడు మన ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం సంపాదించాడంటారు కదా, దానికి అక్షాంశం అడిగినట్టు లేదు, మంత్రం చాలింది.

పాపతో ఇంట్లో ఒక పని చేయించండి. కేకు పెట్టే తిరిగే స్టాండు ఉంటది కదా, మా మనవరాలి పుట్టినరోజుకి కొన్నది నేను వాడా. దాని మీద తెల్ల కాగితం సెల్లో టేపుతో అతికించి, ఒక చెక్క స్కేలు స్టాండుకి తగలకుండా పైన అడ్డంగా రెండు పుస్తకాల మీద పెట్టాలి. ఒకరు స్టాండుని ఎడమచేతి వాటంగా, అంటే గడియారానికి ఉల్టాగా, మెల్లగా ఒకే స్పీడుతో తిప్పాలి, ఇంకొకరు స్కెచ్ పెన్నుతో స్కేలు అంచునే మధ్య నుంచి బయటికి తిన్నగా గీయాలి. చెయ్యి తిన్నగానే పోద్ది, మీరే చూస్తారు. ఆపి కాగితం తీస్తే గీత కుడికి కొడవలిలా వంగి ఉంటది. ఎవరూ వంచలేదు, కింద కాగితం తిరిగింది అంతే. అటువైపు తిప్పితే ఎడమకి వంగుద్ది, అది దక్షిణార్ధగోళం. నేను చేసినప్పుడు పెన్ను కాగితం దాటిపోయి డైనింగ్ టేబుల్ గుడ్డ మీద నీలం గీత పడింది, అది కూడా కాస్త వంకరగానే పడింది, దానికి కారణం కోరియాలిస్ కాదు మా ఆవిడ వెనకనుంచి వచ్చి అరవడం. కింద పాత పేపర్ వేసుకోండి.

కేకు స్టాండు చూపించేది ఆ 28 శాతం ముక్కనే, పైకీ కిందకీ ఉండే రెండో ముక్క కాగితం మీద రాదు, దానికి పాప పెన్నూ కాగితమే పట్టుకోవాలి. నేనిచ్చిన లెక్కలో కుడికి తోసే 48 మీటర్లు ఏ దిక్కుకి వేసినా మారదు, పడమరకి తోసే 54 మీటర్లు కూడా మారదు, మారేది మనం చూస్తున్న వైపు మాత్రమే. గుంటూరు నుంచి 45 డిగ్రీల్లో 30 కిలోమీటర్లు వేసేటప్పుడు ఏ దిక్కుకి తిప్పి వేస్తే గుండు అసలు పక్కకి జరగదో కనుక్కోమనండి, ఫస్టియర్ వెక్టర్లు చాలు. నాకు రెండు దిక్కులొచ్చాయి. మీ బావమరిది గారికి ముందే చెప్పొద్దు, ఆయన్ని కూడా విడిగా కూర్చోబెట్టండి.